ఎడమచేతి ఆదివారాలు

ఆదివారం ఆరున్నరకి
కె.ఆర్. పురం రైలుకట్ట వెనక
తడి ఇంకా ఆరని మైదానంలో
నాలుగు సిమెంటు గోతాలు పరుస్తాను.
ఒకటి ఇల్లు,
మిగతా మూడూ తిరిగి ఇల్లు చేరే దారి.
బేస్‌బాల్ అంటే అంతేనని
కొత్తగా వచ్చినవాళ్లకి చెబుతాను.

జట్లు పంచేదీ నేనే.
వారమంతా గ్రానైటు కంపెనీలో
జమాఖర్చులు సరిచూసే మనిషిని కదా,
తూకం తప్పనని వీళ్ల నమ్మకం.
పెట్రోలు బిల్లు వెనక పేర్లు రాసుకుంటాను.
నంజుండకి చూపు తక్కువ, కాళ్లు ఎక్కువ.
ఇమాంబాషా కొడితే బంతి కట్ట దాటుతుంది,
కొట్టేది మాత్రం నెలకొకసారి.
కులకర్ణి ఓడితే మూడు రోజులు ఫోనెత్తడు.
తిప్పేస్వామికి గెలుపూ ఓటమీ పట్టవు,
ఆటయ్యాక తట్టె ఇడ్లీ
ఎవరు పెట్టిస్తారన్నదే పట్టింపు.
వీళ్లందర్నీ ఎట్లాగో అటూ ఇటూ సర్దుతాను.

సర్దలేనిది ఓబులేసునొక్కణ్ణే.

అనంతపురం బడిలో సాఫ్ట్‌బాల్ పట్టి
జిల్లాకి ఆడి, రాష్ట్రానికి ఆడి,
ఇప్పుడు హూడిలో నీళ్ల క్యాన్లు వేస్తున్నాడు.
లిఫ్టు చెడిన రోజు
ఇరవై లీటర్లు భుజాన పెట్టుకుని
ఏడంతస్తులెక్కే చెయ్యి అది.
ఆ చేతిలోంచి వచ్చే బంతి కనపడదు,
వినపడుతుంది.
వాడు ఏ వైపుంటే ఆట ఆ వైపు ముగిసినట్టే.

జూన్‌లో పద్దెనిమిది మందిమి.
ఆగస్టుకి పదకొండు.
వానలన్నాడొకడు, పిల్లల పరీక్షలన్నాడొకడు.
ఉన్నమాట అన్నది కులకర్ణే:
"గాలిని కొట్టడానికి తెల్లారకముందే లేవాలా?"

ఆ మాట మోసుకెళ్లింది నేను.
టీ అంగడి దగ్గర, చుట్టూ చూసి,
"స్వల్ప అడ్జస్ట్ మాడి" అన్నాను.
ఈ ఊళ్లో ఏ ఇబ్బందికైనా అదే మందు.
మన భాషలో అడగడానికి సిగ్గేసింది.
వాడు గ్లాసు కింద పెట్టి
కుడి అరచెయ్యి ఒకసారి చూసుకున్నాడు.
"సరేన్నా, ఎడమచేత్తో ఏస్తాలే."

మళ్లీ పద్దెనిమిదయ్యాం.
బంతులు సోమరిగా వచ్చేవి,
అందరం కొట్టాం.
తొమ్మిది ఎనిమిది, ఏడు ఆరు,
నా చీటీలు చూసి నేనే మురిసిపోయాను.
కులకర్ణి సోమవారం ఫోనెత్తాడు.
ఓబులేసుకున్న ఒక్క గ్లవ్
కుడిచేతికి ఎక్కేది కాదు.
ఆ చేతిని వీపు వెనక పెట్టుకుని నిలబడేవాడు
బడి గుమ్మం బయట నిలబెట్టిన పిల్లాడిలా.
నేను చూశాను. చూసి స్కోరు రాసుకున్నాను.

సువార్తమ్మ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి
నేరుగా ఆటకొస్తుంది.
యాభై ఒకటి, మోకాలికి పట్టీ.
నా చీటీలో ఆమె పేరు ఎప్పుడూ చివరనే,
ఏ వైపు వేసినా తేడా రాదని.
అక్టోబరులో ఒకనాడు
బ్యాటు నేలకానించి అడిగింది:
"ఏం ఓబులేసూ, నేను పేషెంటునా?
ఆ చేత్తో కాదు, ఈ చేత్తో వెయ్యి."
వాడు నా వైపు చూశాడు.
నేను చీటీ వైపు చూశాను.
మూడో గోతం దగ్గర్నుంచి
కులకర్ణి "వద్దొద్దు" అంటూనే ఉన్నాడు.

మొదటి బంతికి ఆమె కదల్లేదు.
రెండోదానికి బ్యాటు తిప్పేసరికి
వెనకున్నవాడు బంతిని తిరిగి విసిరేశాడు.
మూడోది తగిలిందా లేదా,
ఇప్పటికీ గొడవే.
టిక్కుమన్నది విన్నానంటాడు తిప్పేస్వామి.
రైలు చప్పుడంటాడు నంజుండ.
అవుటే. ఏ లెక్కన చూసినా అవుటే.
ఆమె మాత్రం గ్లవ్ లేని చేతులు చాచి
జివ్వుమంటున్నాయి చూడండని
ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చూపించింది.
ఓబులేసు భుజం తిప్పుకుంటున్నాడు,
చాలా రోజులకి తాళం తీసిన తలుపులాగా.

ఆ రోజు పదిహేను, రెండు.
తర్వాతి వారం వచ్చింది పదముగ్గురం.
కులకర్ణి ఫోనెత్తలేదు.
చీటీ మీద ఒక వైపు ఓబులేసు అని రాసి
ఎదురుగా ఎవర్ని రాయాలో తోచక చాలాసేపు ఆగి
సువార్తమ్మ అని రాశాను.
తూకం కుదిరిందో లేదో తెలీదు.
రైలు వెళ్లేదాకా ఆగి
ఇంక వెయ్యమన్నాను.
ఏ చేత్తోనో చెప్పలేదు.